పేలని తూటా: ‘రెబెక్కా’ నవల నుంచి తెరకు

సభలోని పెద్దలకు, ఈ సాయంత్రం వీలు చేసుకుని వచ్చిన మిత్రులకు నమస్కారం.

నేను ఈ రోజు ఒక తూటా గురించి మాట్లాడదలచుకున్నాను. డాఫ్నీ డు మోరియే రాయగా 1938లో అచ్చయిన ‘రెబెక్కా’ అనే ఆంగ్ల నవలలో ఆ తూటా పేలింది. రెండేళ్ళ తర్వాత, 1940లో, ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వంలో అదే పేరుతో వచ్చిన సినిమాలో అది పేలలేదు. మిగతా కథ చాలావరకు ఉన్నది ఉన్నట్టుగానే తెరకెక్కింది: అదే భవనం, అదే సముద్రం, నల్లబట్టల్లో నిశ్శబ్దంగా ప్రత్యక్షమయ్యే అదే మనిషి, చాలాచోట్ల అవే మాటలు. నేను సినిమాను ముందు చూసి, చాలా ఏళ్ళ తర్వాత నవల చదివాను. తెలిసిన కథే కదా అనుకుంటూ చదువుతూ ఆ తూటా ఉన్న పేజీకి వచ్చేసరికి పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. అంతసేపూ నేను ఎవరి పక్షాన నిలబడి చదువుతున్నానో నాకు అప్పుడు తెలిసింది.

కథ తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. ముగింపు కూడా చెప్పక తప్పదు, అందుకు మన్నించాలి. తల్లీతండ్రీ లేని ఒక యువతి, డబ్బున్న ఒక అమెరికన్ మహిళకు జీతం మీద తోడుగా ఉంటూ మాంటీకార్లో వస్తుంది. అక్కడ ఆమెకు మాక్సిమ్ డి వింటర్ అనే నలభై రెండేళ్ళ ఇంగ్లీషు భూస్వామి పరిచయమవుతాడు. అతని భార్య రెబెక్కా అంతకుముందు పడవ మునిగి చనిపోయిందని లోకానికి తెలుసు. కొద్దిరోజుల పరిచయంతోనే పెళ్ళి జరిగిపోతుంది. అతని వెంట ఆమె మాండర్లీ అనే సముద్రపుటొడ్డు భవనానికి రెండో భార్యగా వస్తుంది. అక్కడ పూలకుండీల అమరిక మొదలుకొని మధ్యాహ్న భోజనంలో వడ్డించే పులుసు వరకు అన్నీ చనిపోయిన ఆవిడ ఇష్టప్రకారమే నడుస్తూ ఉంటాయి. ఇంటి పెత్తనమంతా మిసెస్ డాన్‌వర్స్ చేతిలో ఉంటుంది. ఆవిడకు యజమానురాలు ఒక్కరే, ఆ ఒక్కరు రెబెక్కా.

గోథిక్ నవల 1764లో హొరేస్ వాల్‌పోల్ రాసిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’తో మొదలైందని చెప్పుకోవడం ఆనవాయితీ. పాత కోట, ఆ కోటలో పైకి చెప్పకూడని రహస్యం, అందులోకి అడుగుపెట్టిన అమాయకురాలు, వర్తమానాన్ని వదలని గతం, ఇవి ఆ సంప్రదాయపు సరంజామా. 1847లో షార్లెట్ బ్రాంటే ‘జేన్ ఎయిర్’లో మొదటి భార్యను ప్రాణాలతోనే మేడ మీది గదిలో బంధించి ఉంచింది. తొంభై ఏళ్ళ తర్వాత డు మోరియే ఆ మొదటి భార్యను చంపి ఇంటినిండా పరిచింది. దయ్యం ఒక్కసారీ కనిపించదు. ఒక కవితల పుస్తకం మొదటి పేజీలో, చేతిరుమాలు మూలన, ఉత్తరాల బల్లపై ఉన్న కాగితాల్లో ఏటవాలుగా, పొడుగ్గా రాసిన ఒక ‘ఆర్’ అక్షరం కనిపిస్తుంది. భయపెట్టడానికి రచయిత్రికి అది చాలింది. భర్త సైనికోద్యోగం వల్ల ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉండవలసివచ్చిన రోజుల్లో, అక్కడి ఎండల్లో కూర్చుని, ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరాన్నీ అక్కడ తాను మనసు పారేసుకున్న మెనబిల్లీ అనే పాత భవనాన్నీ తలచుకుంటూ ఆవిడ ఈ నవల మొదలుపెట్టింది. మాండర్లీ వర్ణనలో ప్రతి చెట్టూ ఎవరో దూరాన ఉండి కలవరించినట్టు ఉండడానికి అదే కారణమని నేను నమ్ముతాను.

కథ చెబుతున్న యువతికి నవలలో పేరు లేదు. అందమైన, అరుదైన పేరు అని ఒకచోట మాక్సిమ్ అంటాడు తప్ప ఆ పేరేమిటో మనకు చివరిదాకా తెలియదు. చనిపోయిన మనిషి పేరు అట్టమీద ఉంది, బతికున్న మనిషికి పేరే లేదు. ఇది తెలుగు పాఠకులకు మరీ వింతగా తోచకపోవచ్చు. ఇంటి కోడలిని ‘పెద్దావిడ’, ‘రెండో ఆవిడ’, ‘ఫలానావారి భార్య’ అని పిలుచుకుంటూ తరాలు గడిపిన వాళ్ళం మనం. పైగా మన భాషలో ‘నేను వెళ్ళాను’ అన్నప్పుడు క్రియ ఆడమగ తేడా కూడా చెప్పదు. ఆ పేరులేనితనం పాఠకుడి మీద చేసే పని ఒకటుంది. ఆమెకు పేరు లేదు, ముఖం గురించి కూడా పెద్దగా వర్ణన లేదు కాబట్టి, చదువుతున్న మనమే ఆ ఖాళీలోకి వెళ్ళి కూర్చుంటాం. ఆమె సిగ్గుపడితే మనకు చెంపలు వేడెక్కుతాయి. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, తూటా దగ్గరికి వచ్చినప్పుడు ఇదే మనల్ని ఇరకాటంలో పెడుతుంది.

సినిమా పేరును దాచగలిగింది కానీ ముఖాన్ని దాచలేదు. ఆ పాత్రలో జోన్ ఫాంటేన్ నటించింది. భుజాలు ముడుచుకుని, చేతివేళ్ళతో ఏదో ఒకటి నలుపుతూ, తనకంటే ఎంతో ఎత్తైన తలుపుల మధ్య ఆమె నడుస్తుంటే చూడడానికి ప్రాణం ఉసూరుమంటుంది. నిజంగా గొప్ప నటన. అయితే ఆ క్షణం నుంచి మనం ఆమెను చూసి జాలిపడుతున్నాం. నవలలో మాదిరిగా ఆమె అయిపోవడం లేదు. జాలి పడడానికి ఇద్దరు మనుషులు కావాలి, వాళ్ళ మధ్య కొంత ఎడం కావాలి.

నవలకు ఉన్న మరో బలం ఆమె ఊహ. ఈ యువతి తన జీవితంలో సగం జరగని సంఘటనల్లోనే గడుపుతుంది. నౌకర్లు తన గురించి వంటింట్లో ఏమనుకుంటున్నారో, ఊళ్ళోవాళ్ళు టీ తాగుతూ తనను రెబెక్కాతో ఎలా పోల్చి ఉంటారో, ఆ సంభాషణలన్నీ తానే అల్లుకుని తానే బాధపడుతుంది. ఒక రాత్రి భోజనాల దగ్గర ఆమె తనకు తెలియకుండానే రెబెక్కా అయిపోతుంది. మనసులోనే ఫోనుకు జవాబు చెబుతుంది, నవ్వుతుంది, పెదవి విరుస్తుంది. ఎదురుగా కూర్చున్న భర్త అది గమనించి, నీ ముఖం ఇంతసేపూ మరెవరిదోలా ఉంది, అలా ఉండవద్దు అన్న అర్థంలో మందలిస్తాడు. భర్త భయపడింది దేనికో ఆ క్షణంలో ఆమెకు తెలియదు, మనకూ తెలియదు. రెండోసారి చదివినప్పుడే ఆ పేజీ వెన్నులో చలి పుట్టిస్తుంది.

ఇలాంటి దృశ్యాన్ని తెరమీద పెట్టడం కష్టం. అందుకు బదులుగా సినిమా నవలలో లేని ఒక దృశ్యాన్ని సృష్టించుకుంది. పెళ్ళయిన కొత్తలో విహారంలో తీసుకున్న ఫిల్మును భార్యాభర్తలు ఇంట్లోనే చీకట్లో ప్రొజెక్టర్ పెట్టి చూసుకుంటారు. తెరమీది జంట నవ్వుతూ ఉంటుంది. తెర ముందున్న జంట మధ్య మాట పెరుగుతూ ఉంటుంది. ప్రొజెక్టర్ వెలుగు వాళ్ళ ముఖాల మీద కదులుతుంటే, కొద్దివారాల కిందటి తమ సంతోషమే వాళ్ళకు పరాయిదైపోవడం మనం కళ్ళతో చూస్తాం. నవల వాక్యాలతో చేసిన పనిని సినిమా తన సొంత పనిముట్టుతో చేసిన చోటు ఇది. అనుసరణ అనే మాటకు నేను చూపించగల మంచి ఉదాహరణల్లో ఇదొకటి.

ఇక అసలు చోటికి వద్దాం. మునిగిన పడవ బయటపడుతుంది, అందులో శవం ఉంటుంది, మాక్సిమ్ భార్యకు నిజం చెబుతాడు. నవలలో ఈ సంభాషణ మాండర్లీ గ్రంథాలయంలో జరుగుతుంది. రెబెక్కాను తాను ఎన్నడూ ప్రేమించలేదని, ద్వేషించానని, ఒక రాత్రి సముద్రపుటొడ్డు కుటీరంలో ఆమె తన కడుపులో మరొకరి బిడ్డ ఉన్నట్టు మాట్లాడి, ఆ బిడ్డే రేపు మాండర్లీకి వారసుడవుతాడని రెచ్చగొట్టినప్పుడు తుపాకీతో కాల్చి చంపానని చెబుతాడు. తూటా గుండెలోంచి దూసుకుపోయినా ఆమె వెంటనే కూలిపోలేదు, నవ్వు ముఖంతో తనవంకే చూస్తూ నిలబడింది. మనిషిని కాలిస్తే అంత రక్తం వస్తుందన్న సంగతి అతను మరిచిపోయాడట. నేలను సముద్రపు నీళ్ళతో కడిగి, శవాన్ని పడవలో పెట్టి, అడుగున రంధ్రాలు చేసి ముంచాడు. తర్వాత మరెక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చిన మరో స్త్రీ శవాన్ని తన భార్యదేనని గుర్తించి, కుటుంబ సమాధుల్లో ఉంచాడు.

సినిమాలో అతను ఆమెను కొడతాడు. ఆమె తూలి, మళ్ళీ అతని వైపు నడిచి వస్తూ కాలు తట్టుకుని పడిపోతుంది. పడవ సామగ్రికి తల తగిలి చనిపోతుంది. అంటే హత్య కాదు, ప్రమాదం. భయపడి శవాన్ని దాచడం ఒక్కటే అతని తప్పు.

ఈ మార్పు హిచ్‌కాక్ కోరుకున్నది కాదు, నిర్మాత డేవిడ్ ఓ. సెల్జ్‌నిక్ కోరుకున్నది అంతకన్నా కాదు. నవలను మార్చకూడదని పట్టుబట్టినవాడు సెల్జ్‌నిక్కే. హిచ్‌కాక్ బృందం తయారుచేసిన తొలి కథా రూపం మూలానికి దూరంగా ఉందని కోపగించుకుని తిప్పికొట్టినవాడూ అతనే. కానీ హాలీవుడ్‌లో 1934 నుంచి జోసెఫ్ బ్రీన్ ఆధ్వర్యంలో ప్రొడక్షన్ కోడ్, అంటే సినిమాల్లో ఏం చూపించవచ్చో ఏం చూపించకూడదో చెప్పే నియమావళి, గట్టిగా అమలవుతోంది. నేరస్థుడిపై ప్రేక్షకుడికి సానుభూతి కలగకూడదు, హంతకుడు శిక్ష తప్పించుకుని సుఖంగా బతకకూడదు. భార్యను చంపినవాడు రెండో భార్య చేయి పట్టుకుని కథ ముగించడానికి వీల్లేదు. ఇది భార్యను చంపిన మనిషి కథ, దీన్ని ప్రమాదంలో పోయిన భార్యను పాతిపెట్టిన మనిషి కథగా మార్చమంటున్నారు అని సెల్జ్‌నిక్ ఆ రోజుల్లో తన ఉత్తరంలో వాపోయాడు. ఆయన బాధ న్యాయమైనదని నేను అనుకుంటాను.

ఎందుకంటే నవలలో భయంకరమైన భాగం తూటా పేలడం కాదు, ఆ మాట విన్న భార్య మనసులో కలిగిన స్పందన. ఆమె హడలిపోదు. రెబెక్కాను అతను ప్రేమించలేదు అన్న ఒక్క మాటే ఆమె చెవికి ఎక్కుతుంది. గుండె దూదిపింజలా తేలికైపోతుంది. తన భర్త ఒక స్త్రీని చంపాడని తెలిసిన నిమిషంలో ఆమెకు కలిగింది సంతోషం. ఇంతసేపూ ఆ పేరులేని ఖాళీలో కూర్చుని ఉన్న మనకు కూడా ఊపిరి తేలికవుతుంది, హమ్మయ్య అనుకుంటాం. నేను పుస్తకం మూసింది ఇక్కడే. సినిమాలో ఫాంటేన్ ముఖంలోనూ అదే వెలుగు వస్తుంది, కానీ అక్కడ ఆ వెలుగులో దోషం లేదు. భర్త నిర్దోషి అని తెలిస్తే ఏ భార్యకైనా సంతోషమే కదా.

ఈ తేడా అక్కడితో ఆగదు. రెబెక్కాతో సంబంధం ఉన్న ఫేవెల్ అనే మనిషి వచ్చి, ఇది హత్య, చంపింది మాక్సిమే అని అందరి ముందూ ఆరోపిస్తాడు. వాడు తాగుబోతు, డబ్బు కోసం బెదిరించేవాడు. నవలలోనూ అంతే, సినిమాలోనూ అంతే. కానీ నవలలో వాడు చెబుతున్నది అక్షరాలా నిజం. ఆ గదిలో ఉన్న మర్యాదస్తులందరూ అబద్ధం పక్షాన ఉన్నారు, నిజం ఒక నీచుడి నోట్లో ఉంది. మాండర్లీ వ్యవహారాలు చూసే ఫ్రాంక్ క్రాలీకి అసలు సంగతి తెలుసునని, అయినా నోరు విప్పడని ఆమెకు అర్థమవుతుంది. విచారణ జరిపించవలసిన కల్నల్ జూలియన్ ఆ ఇంట భోజనం చేసేవాడు. సముద్రపుటొడ్డున తిరిగే అమాయకుడు బెన్ ఏదో చూశాడు కానీ తనను పిచ్చాసుపత్రిలో పెట్టేస్తారన్న భయంతో ఏమీ చూడలేదంటాడు. భూమి, పేరు, వంశం ఉన్నవాళ్ళ చుట్టూ ఒక మౌనం ఎలా కట్టుకుంటుందో డు మోరియే ఎక్కడా ఉపన్యాసం చెప్పకుండా చూపించింది. సినిమాలో ఫేవెల్‌గా జార్జ్ సాండర్స్ ఎంత గొప్పగా చేసినా, అతను చెప్పేది తప్పు కాబట్టి ప్రేక్షకుడు నిశ్చింతగా అతన్ని అసహ్యించుకోవచ్చు. ఆ నిశ్చింతను నవల మనకు ఇవ్వదు.

ఇంత చెప్పిన తర్వాత సినిమాకు న్యాయం చేయకపోతే నాకు మనసొప్పదు. ఆ ఒప్పుకోలు దృశ్యాన్ని సినిమా గ్రంథాలయం నుంచి తీసి, రెబెక్కా చనిపోయిన కుటీరంలోకే మార్చింది. గతాన్ని చూపించడానికి రెబెక్కాగా ఒక నటిని పెట్టి దృశ్యాన్ని నడిపించడం ఏ దర్శకుడికైనా సులువు. హిచ్‌కాక్ అలా చేయలేదు. మాక్సిమ్‌గా లారెన్స్ ఒలీవియర్ చెబుతూ ఉంటే కెమెరా అతన్ని వదిలేసి, ఆ రాత్రి ఆమె కూర్చున్న సోఫా వైపు తిరుగుతుంది. ఆమె లేచింది అన్నప్పుడు కెమెరా లేస్తుంది. నడిచింది అన్నప్పుడు ఎవరూ లేని గదిలో నడుస్తుంది. మనిషి లేదు, నీడ లేదు, ఆమె కదలిక మాత్రం ఉంది. ఛాయాగ్రాహకుడు జార్జ్ బార్న్స్‌కు ఆస్కార్ వచ్చింది, ఉత్తమ చిత్రం పురస్కారం కూడా ఈ సినిమాకే దక్కింది. ఈ ఒక్క దృశ్యం కోసం ఇచ్చినా తక్కువేనని నేను అంటాను. దయ్యాన్ని చూపకుండా దయ్యపు చోటును చూపడం, గోథిక్ సంప్రదాయం అంతా వెతుక్కున్నది ఇదే.

మిసెస్ డాన్‌వర్స్ విషయంలోనూ సినిమా తక్కువ తినలేదు. జుడిత్ ఆండర్సన్ నడుస్తూ రావడం మనకు దాదాపుగా కనిపించదు. తలతిప్పేసరికి ఆవిడ అక్కడ ఉంటుంది. రెబెక్కా గదిలో ఆమె బొచ్చు కోటును చెంపకు ఆనించుకునే దృశ్యంలో ఎంత ప్రేమ ఉందో, ఎంత ఉన్మాదం ఉందో విడదీయలేం. చనిపోయిన ముత్తైదువ పేరిట చీర పెట్టి పూజించుకునే ఇళ్ళను చూసిన మనకు, ఆ గదిని రోజూ తుడిచి, రాత్రి దుస్తులు మంచం మీద సిద్ధంగా పరిచే ఆవిడ భక్తి అర్థమవుతుంది. కానీ నవలలో రెబెక్కాను చిన్నప్పటి నుంచి సాకినది తానేనని డాన్‌వర్స్ చెప్పుకుని ఏడుస్తుంది. అప్పుడు పుర్రెలాంటి ఆ ముఖం వెనక బిడ్డను పోగొట్టుకున్న ముసలితనం కనిపిస్తుంది. తెరమీద ఆ తల్లితనం సన్నగిల్లి, భయం ఎక్కువైంది.

1964లో ఈ కథ ‘కొహ్రా’ పేరుతో హిందీలోకి వచ్చింది. హేమంత్ కుమార్ నిర్మించి సంగీతం సమకూర్చిన ఆ చిత్రానికి బీరేన్ నాగ్ దర్శకుడు. రెండో భార్యగా నటించినది ‘రోజులు మారాయి’లో ‘ఏరువాక సాగారో’ పాటకు నర్తించి తెలుగువాళ్ళకు ముందుగా పరిచయమైన వహీదా రెహమాన్. డాన్‌వర్స్ స్థానంలో లలితా పవార్. అక్కడ కథానాయికకు పేరు పెట్టేశారు. 2020లో వచ్చిన కొత్త ఆంగ్ల చిత్రం తూటాను వెనక్కి తీసుకువచ్చింది. కోడ్ ఏనాడో పోయింది కాబట్టి అడ్డు చెప్పేవారు లేరు. కానీ అందులో నాకు ఆ ఇరకాటం కలగలేదు. తూటా పేలితే చాలదు, అది పేలేలోగా మనల్ని ఆమె మనసులో కూర్చోబెట్టే ఓపిక కావాలి.

చివరగా ముగింపులు. సినిమాలో మాక్సిమ్ లండన్ వెళితే భార్య మాండర్లీలోనే ఉండిపోతుంది. రెబెక్కాకు నయంకాని కేన్సర్ అని, ఆమె చావును తానే కోరి తెచ్చుకుందని తెలిసి అతను తిరిగివచ్చేసరికి డాన్‌వర్స్ ఇల్లు తగలబెడుతుంది. భార్య క్షేమంగా బయట ఉంటుంది, డాన్‌వర్స్ మంటల్లో పోతుంది, చివరికి దిండు గలీబు మీద కుట్టిన ‘ఆర్’ కాలిపోతూ కనిపిస్తుంది. పొగే ఆకాశంలో ‘ఆర్’ ఆకారం కట్టాలని సెల్జ్‌నిక్ ముచ్చటపడ్డాడట. హిచ్‌కాక్ దిండుతో సరిపెట్టి సినిమాను కాపాడాడు.

నవలలో ఆమె ఇంట్లో ఎదురుచూడదు, భర్తతో పాటే లండన్ వెళుతుంది. రాత్రంతా కారులో తిరిగివస్తూ వెనక సీట్లో కునుకు తీస్తే కల వస్తుంది. కలలో ఆమె ఉత్తరం రాస్తుంటే ఆ దస్తూరి రెబెక్కాది. అద్దంలో చూసుకుంటే ఆ ముఖం తనది కాదు. మాక్సిమ్ ఆ పొడుగాటి జుట్టును దువ్వి, తాడులా పేని, తన మెడకే చుట్టుకుంటాడు. ఆమె ఉలిక్కిపడి లేచేసరికి ఆకాశం ఒకవైపు ఎర్రబడి ఉంటుంది, సముద్రపు గాలితో పాటు బూడిద ఎదురొస్తుంది. నవల అక్కడ ఆగిపోతుంది. వాళ్ళు ఇల్లు చేరడం లేదు, డాన్‌వర్స్ ఏమైందో తెలియదు, మంట ఎవరు పెట్టారో ఎవరూ చెప్పరు. ఆ తర్వాత వాళ్ళ బతుకు ఏమైందో తెలుసుకోవాలంటే మళ్ళీ మొదటి పేజీలకే వెళ్ళాలి. అక్కడ పరాయిదేశంలో ఒక చిన్న హోటల్ గదిలో ఆమె అతనికి ఇంగ్లండు నుంచి ఆలస్యంగా వచ్చిన పత్రికలోని క్రికెట్ వార్తలు చదివి వినిపిస్తూ, మాండర్లీ అన్న మాట నోట రాకుండా జాగ్రత్తపడుతూ ఉంటుంది.